కర్రావు నోటి నెమరు

ఈ వృత్తాంతం ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి చేరిందో ముందుగా మనవి చేయడం న్యాయం. కళ్ళారా చూసినది ఒక తెల్లకొంగ. పశువుల వీపుల మీద కూర్చుని ఈగలను ఏరుకు తినే ఆ పక్షికి గొడ్లచావిళ్ళలో తెలియని రహస్యం ఉండదు. అది వాగులో పడుకున్న ఒక గేదెకు చెప్పింది. గేదె, విన్నది విన్నట్టు, ఒక ముసలి గొర్రెలకాపరికి అప్పగించింది. కాపరికి పశువుల భాష ఎలా తెలుసునని అడగవద్దు. అరవై ఏళ్ళు వాటి మధ్యనే బతికినవాడికి మనుషుల భాషే కొంత మరుపున పడింది. ఆయన దగ్గర విన్నవారు చెప్పగా ఇక్కడ రాయడమైనది. నడుమ గేదె ఏమైనా కల్పించిందేమో అన్న అనుమానం అక్కరలేదు. కల్పించే ఓపిక గేదెకు లేదు.

నల్లమల అడుగున చింతలచెలక అని ఒక పల్లె. అక్కడ గురవయ్య అనే రైతు చావిడిలో ముత్యాలు అనే కోడెగిత్త ఉండేవాడు. బండలాగుడు పందేలకని పెంచిన ఒంగోలు జాతివాడు. వెన్నలాంటి తెలుపు, నిండు మూపురం, నేల అదిరే నడక. రాబోయే పౌర్ణమికి కొండకింద తిరునాళ్ళలో అతడు మొదటిసారి బండ లాగవలసి ఉంది. ఊరివాళ్ళు దారిన పోతూ ఆగి చూసి, "అబ్బ, ఏం గిత్తరా!" అనేవారు. ఆ మాట వినబడినప్పుడల్లా ముత్యాలు మెడ మరొక అంగుళం పైకి లేచేది.

అతడికి ఇటువైపు కర్రి అనే ముసలి నల్లావు, అటువైపు పుల్లమ్మ అనే మేక కట్టుకొయ్యలకు ఉండేవి. కర్రికి ఈతలు ఉడిగి నాలుగేళ్ళయింది. పుల్లమ్మ మాత్రం చూలుతో ఉంది.

చింతలచెలకలో ఒక పద్ధతి. చేలల్లో కలుపు తీసిన ఆడవాళ్ళు, తీసిన కలుపును గట్టున పారేయరు. సాయంత్రం మోపులు కట్టి ఇంటికి తెస్తారు. అందులో గరిక ఉంటుంది, తుమ్మి ఉంటుంది, గలిజేరు, చెంచలి, పల్లేరు, పేరు తెలియని తీగలు మరో పది ఉంటాయి. ఆ మోపు విప్పి, పశువులు మేత తినే గాడిగాడికీ సమంగా పంచుతారు. పందెపు గిత్త అయినా సరే, వట్టిపోయిన ఆవయినా సరే, కలుపు వంతు కలుపు వంతే. ముత్యాలుకు దానితో పాటు ఉడికించిన ఉలవలు, జొన్నపిండి, తవుడు ప్రత్యేకంగా వచ్చేవి.

ఒకనాటి సాయంత్రం పుల్లమ్మ మెడ చాచి ముత్యాలు గాడిలోకి తొంగిచూసింది.

"ఏం కోడెదొరా, ఇవాళా కలుపేనా?"

"కలుపుకేం వచ్చింది?" అన్నాడు ముత్యాలు.

"నాకేం తెలుస్తుంది బాబూ, మేకను. నిన్న పక్క ఊరి పందెపు గిత్తలు ఈ దారినే పోతూ మాట్లాడుకుంటుంటే చెవిన పడింది. అవి ఉలవలు, పిండి తప్ప మరొకదానికి మూతి పెట్టవట. ఆకూ అలమూ మేస్తే కండ జారిపోతుందట. 'చింతలచెలక గిత్త ఇంకా కలుపు నములుతున్నాడంటగా' అని ఒకటే నవ్వు. వింటున్న నాకే తల తీసేసినట్టయింది."

ముత్యాలు నోటిలోని గలిజేరు తీగ అక్కడే ఆగిపోయింది.

"నవ్వారా?"

"పోనీలే దొరా. నవ్వేవాళ్ళ ఎదుట జారిపడకుంటే చాలు."

"మరి దీన్నేం చేయను?"

"అలాగే వదిలేస్తే గురవయ్య నొచ్చుకుంటాడు. మూతితో ఇటు నెట్టెయ్. ఆ పాపమేదో నేనే మోస్తాను."

ఆనాటి నుంచి ముత్యాలు కలుపు వంతు పాపం పుల్లమ్మ మోయసాగింది. ఆపైన ఎండుగడ్డి కూడా గిత్తకు మోటుగా తోచింది. గడ్డి మిగులుతున్నదని చూసి గురవయ్య మరొక తట్ట ఉలవలు పోశాడు. పందెం దగ్గర పడుతున్నది, గిత్త ఏది తింటే అదే చాలునని అతడి ఆత్రం.

కర్రి కొన్నాళ్ళు చూసి ఊరుకుంది. ఊరుకోలేని రోజు వచ్చింది.

"అబ్బాయీ, మేక మాట విని మోపు వదులుకోకు."

"నా తిండి సంగతి నీకెందుకు ముసలీ?"

"కడుపంటే ఒక ఊరు, నాయనా. అందులో కంటికి ఆనని జీవాలు కోటానుకోట్లు కాపురముంటాయి. గరికను విడగొట్టేది ఒకటి, తుమ్మిని మెత్తబరిచేది మరొకటి. కుమ్మరీ, కమ్మరీ, సాలె, చాకలీ ఉన్నట్టు ఎవరి పని వారిది. నువ్వు రోజూ ఉలవలూ పిండీ పోస్తుంటే వాటిని తినేవారు ఒక్కరే బలిసి పెత్తనం చేస్తారు. తక్కినవాళ్ళు పస్తులతో పోతారు. ఒక్క మోతుబరి మిగిలిన ఊళ్ళో నీళ్ళు తోడేవాడెవడు, నాగలి చెక్కేవాడెవడు?"

పుల్లమ్మ కిసుక్కున నవ్వింది. "విన్నావా దొరా? నీ పొట్టలో పంచాయితీ పెట్టించింది కర్రెత్త!"

ఆ నవ్వు ముత్యాలుకు పౌరుషం తెప్పించింది. కర్రి మూతి వంక చూశాడు. పగలంతా గట్ల మీద మేసి వచ్చిన మూతి అది. పచ్చని పసరు, ముళ్ళ గీతలు, మీసాలకు అంటిన గడ్డిగింజలు.

"ముందు నోరు కడుక్కుని మాట్లాడు. ఊళ్ళో చెత్తంతా నీ పొట్టలోనే ఉంది. ఆ నోటి గాలి తగిలితే నా ఉలవలు ఎంగిలవుతాయి."

అనడంతో సరిపెట్టుకున్నా బాగుండేది. మరునాడు కర్రి పక్కన ఉన్నంతసేపూ ముత్యాలు తొట్టి ముట్టలేదు. కొమ్ములు విసిరాడు, కాలు దువ్వాడు, రంకె వేశాడు. గురవయ్య హడలిపోయి కర్రిని విప్పి, పేడదిబ్బ పక్కనున్న పంచలో కట్టివేశాడు. దానికి పైకప్పు సగమే ఉంది. కర్రి అతడి వెంటే నడిచి వెళ్ళింది. ఆ వారమంతా ముసురు పట్టింది. తడిసిన నల్లని వీపు చావిడిలోకి కనబడుతూనే ఉండేది. ముత్యాలు అటు ముఖం పెట్టకుండా తినసాగాడు. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

పౌర్ణమి నాలుగు రోజులుందనగా ముత్యాలు నెమరు ఆగిపోయింది.

మొదట ఎవరూ గమనించలేదు. అతడికి మాత్రం తెలిసింది. తిన్నది పైకి రాదు, కిందికి పోదు. ఎడమ డొక్కలో తడిసిన గోనెసంచి పెట్టి కుట్టినట్టుంది. నోట్లో పుల్లని వాసన. మర్నాటికి మోకాళ్ళు వంగాయి. ఆపై పొద్దున లేవలేదు. గురవయ్య వాము నూరి పోశాడు, శొంఠి కషాయం పోశాడు. ఫలితం లేదు. మండలం నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చింది. డొక్క మీద పిడికిలి ఆనించి చాలాసేపు కదలిక కోసం చూసింది.

"ఏం పెడుతున్నావు గురవయ్యా?"

"లోటేం చేయలేదమ్మా. ఉలవలూ పిండీ..."

"గడ్డి? ఆకు?"

గురవయ్య గాడిలోకి చూశాడు, మేక గాడిలోకి చూశాడు. పుల్లమ్మ కళ్ళు దించుకుంది.

"పొట్ట పులిసిపోయింది," అన్నది డాక్టరమ్మ. "పులుపు విరవడానికి మందు పోస్తాను. అయితే లోపల అరిగించే జీవాలన్నీ చచ్చాయి. వాటిని నా సంచిలోంచి తీసి ఇవ్వలేను. బాగా నెమరు వేసే పశువు నోట్లోంచి నెమరు ముద్ద తీసి దీనికి పట్టించాలి. రేపు పొద్దుటికి నెమరు రాకపోతే గిత్త మీద ఆశ వదులుకో. సరే, నీ చావిడిలో అన్ని రకాలూ మేసే పశువు ఏది?"

గురవయ్య తల పేడదిబ్బ వైపు తిరిగింది. పుల్లమ్మ తలా తిరిగింది. నేల మీద పడి ఉన్న ముత్యాలు ఒక్కడే తిరగలేదు. డొక్కలోని నొప్పి కంటే ఆ క్షణం అతడికి బరువైంది.

కర్రిని తీసుకువచ్చి ఎదురుగా నిలబెట్టారు. అది తీరికగా నెమరు వేస్తున్నది. డాక్టరమ్మ పక్కకు జరిగి, ముద్ద పైకి వచ్చేదాకా ఆగి, చటుక్కున నోట్లో చేయి పెట్టింది. కర్రి గుటుక్కున మింగింది. మళ్ళీ ముద్ద వచ్చింది, చేయి పెట్టింది, మళ్ళీ మింగింది.

"కొత్త చేయి కదా, బెదురుతోంది," అన్నది డాక్టరమ్మ. "కాసేపు వదిలేద్దాం. ఈలోగా నీళ్ళు వెచ్చబెట్టు, వెదురు గొట్టం కడిగి తీసుకురా."

మనుషులు ఇంట్లోకి వెళ్ళారు. అది బెదురు కాదని చావిడిలో అందరికీ తెలుసు.

"బాగా మింగావు కర్రెత్తా!" అన్నది పుల్లమ్మ. గొంతులో హాస్యం మాత్రం లేదు.

ముత్యాలు కర్రి వైపు తల తిప్పాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కినప్పుడు ఎంత సులువుగా తొక్కాడు! కడుక్కోవడానికి ఒక్క మాట కావాలి. అది రావడం లేదు, నెమరులాగే.

"అత్తా," అన్నాడు చివరికి.

"ఎవరు పిలిచింది? చెవులు మందం నాకు."

"నేనే. ముత్యాలును."

"ఏం కావాలి?"

"నెమరు."

"ఎవరి నోటిది?"

"నీ నోటిది."

"కడుక్కుని రమ్మంటావా?"

ముత్యాలు కళ్ళు మూసుకున్నాడు. తెల్లని చెంప మీద తడి చార దిగింది. ముసురులో తడిసిన నల్లని వీపు, మూసిన కళ్ళ వెనుక మరింత స్పష్టంగా కనబడింది. తాను అటు చూడకుండా తిన్న తొట్టెలన్నీ లెక్కకు వచ్చాయి.

అప్పుడు పుల్లమ్మ ముందుకు జరిగింది. "దొరా, ఒక మాట. పక్క ఊరి గిత్తలు నిన్ను చూసి నవ్వలేదు. అసలు ఈ దారిన ఏ గిత్తలూ పోలేదు. చూలుదాన్ని, పచ్చనాకు మీద మనసాగలేదు. ఇంతవరకూ వస్తుందనుకోలేదు."

ముత్యాలుకు కోపం రావలసింది. వస్తే ఎంత హాయిగా ఉండేదో! తప్పంతా మేక మెడకు కట్టి తాను నిమ్మళించేవాడు.

"అబద్ధం నీదే పుల్లమ్మా," అన్నాడు మెల్లగా. "కానీ అత్తను వానలో నిలబెట్టమని నువ్వు చెప్పలేదు. అది నా సొంత తెలివి."

కర్రి అతడి వైపు తిరిగింది.

"మింగింది కోపంతోనే, అబ్బాయీ. దాచను. రెండుసార్లు మింగాను. ఇక కోపం కూడా అరిగిపోయింది. నా పొట్టలో ఏదీ ఎక్కువ కాలం నిలవదు." కాస్త ఆగి అన్నది: "ఎంగిలి అని సిగ్గుపడకు. తల్లి మూతి నాకకుండా నెమరు నేర్చిన దూడ ఈ భూమ్మీద లేదు."

ఆ మాటతో సిగ్గు తగ్గుతుందని కర్రి అనుకున్నది. రెట్టింపయింది.

డాక్టరమ్మ తిరిగి వచ్చింది. ఈసారి ముద్ద పైకి రాగానే కర్రి దవడ ఆపి, నోరు తెరిచి, కదలకుండా నిలబడింది. ఒకటి, రెండు, ఐదు ముద్దలు. పచ్చగా, వెచ్చగా, గరిక, తుమ్మి, చెంచలి కలగలిసిన వాసన చావిడంతా నిండింది. గోరువెచ్చని నీళ్ళలో కలిపి గొట్టంతో గిత్త గొంతులో పోశారు. ఊళ్ళో సగం మంది గుమ్మంలో నిలబడి చూశారు. "ఏం గిత్తరా!" అన్నవాళ్ళే, "అయ్యో, ముసలావు ఎంగిలికి వచ్చిందే వీడి బతుకు" అన్నారు. ముత్యాలు ప్రతి మాటా విన్నాడు. ప్రతి గుక్కా మింగాడు.

తెల్లవారి ఎండ చావిడిలోకి వచ్చే వేళకు అతడి దవడ కదిలింది. ఒకసారి ఆగి, మళ్ళీ కదిలింది.

ఆ తరువాత ఎవరేమయ్యారో చెప్పి ముగించాలి. తిరునాళ్ళలో ముత్యాలు స్థానంలో వేరొక గిత్త బండ లాగింది. మూడో స్థానం వచ్చింది. గురవయ్య కొన్నాళ్ళు చింతించి, ముత్యాలును నాగలికి కట్టాడు. తట్టల కొద్దీ ఉలవలు పోయడం మానేశాడు. ఎండాకాలంలో కలుపు దొరకనప్పుడు అడవికి పోయి నాలుగు రకాల ఆకు నరికి తెచ్చేవాడు. పుల్లమ్మ రెండు పిల్లల్ని ఈనింది. గాడిగాడికీ మెడ చాచే అలవాటుకు మందుగా గురవయ్య ఆమె మెడలో గుదికొయ్య వేలాడదీశాడు. నడిచినప్పుడల్లా అది మోకాళ్ళకు తగిలేది. పిల్లలు ఏమిటని అడిగితే నగ అని చెప్పింది. కర్రి తిరిగి చావిడిలోకి వచ్చి, మూడు వానాకాలాలు పొడిగా గడిపి, ఒక మధ్యాహ్నం నెమరు వేస్తూనే కన్నుమూసింది.

ముత్యాలు చాలా కాలం బతికాడు. తల దించుకుని నడిచేవాడు, ఎవరినీ కుమ్మేవాడు కాదు, ఏది వేస్తే అది తినేవాడు. "పందెపు గిత్త అయినా ఎంత సాధువో చూడండి!" అని గురవయ్య నలుగురికీ చూపించి మురిసిపోయేవాడు. అది సాధుగుణం కాదని గిత్తకు ఒక్కడికే తెలుసు.

నీతి: పది ఆకులు మేసిన కడుపు పదిమందికి పెడుతుంది, ఒక్క గింజతో గర్వించిన కడుపు ఒకనాటికి పరుల నోటి వైపు చూస్తుంది.