హంగ్రీ దొర, యాంగ్రీ ఏలిక

ఒకానొక సముద్రతీరపు రాజ్యంలో రాజుగారు ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఆ రాజ్యానికి కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

రాజుగారి పేరు సూరపరాజు. మనిషి మంచివాడే. ప్రజలంతా ఆయన్ని "మా ఏలిక" అని ముచ్చటగా చెప్పుకునేవారు. ఆయన కొలువులో అడుగు పెట్టగానే భట్రాజు "ఏలికవారికి జయము!" అని గొంతెత్తేవాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ రేవులో దిగిన ఒక పాదిరీ దగ్గర నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టిన దగ్గర్నుంచీ రాజుగారి కాళ్ళు నేలమీద ఆనడం మానేశాయి. పొద్దున్నే మంత్రి ఎదురైతే "గుడ్ నైట్" అనేవారు. ముసలి మంత్రి చేతులు జోడించి, "చిత్తం, గుడ్ నైట్ ప్రభూ" అనేవాడు. తప్పని చెప్పే ధైర్యం ఎవరికుంది? ఈ రాజ్యంలో ఇంగ్లీషుకు అర్థం చెప్పే అధికారం మా ఒక్కరిదే అని రాజుగారు చాటింపు కూడా వేయించారు మరి!

ఇలా ఉండగా ఒక తెల్లదొర ఈ రాజ్యం చూడాలని ముచ్చటపడి వచ్చాడు. రేవు నుంచి ఆయన్ని తీసుకురావడానికి పట్టపుటేనుగు చెంగల్వను పంపారు. దాని మావటి మల్లునాయుడు. పాలు తాగే గున్నగా ఉన్నప్పటి నుంచీ చెంగల్వను పెంచింది అతనే. అతని చేతి ముద్ద తప్ప అది మరొకరి ముద్ద ముట్టదు.

తెల్లవారకముందే బయలుదేరినా కోట చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటిపోయింది. దొర ఏనుగు దిగి, రెండు చేతులా పొట్ట పట్టుకుని, "ఐ యామ్ వెరీ హంగ్రీ!" అన్నాడు.

రాజుగారి ముఖం పాలిపోయింది.

"యాంగ్రీ! విన్నారా? దొరగారికి పట్టరాని కోపం వచ్చిందట!"

"మరి పొట్ట ఎందుకు పట్టుకున్నాడు ప్రభూ?" అన్నాడు మంత్రి మెల్లగా.

"కడుపుమంటయ్యా, కడుపుమంట! ఆ మాత్రం తెలియదూ?" అని రాజుగారు మావటి వైపు తిరిగారు. "ఏరా మల్లూ, దారిలో దొరను ఏం చేశావురా?"

"నానేటీ సెయ్యలేదు బాబూ. దారంతా నవ్వుకుంటానే కూకున్నాడు."

"నోరు ముయ్యి! ఏనుగును తిన్నగా నడపలేక ఆయన్ని కుదిపి పారేశావు. సాయంత్రం కొలువులో అంకుశం అప్పగించి ఊరు విడిచిపో!"

మల్లునాయుడు వెళ్ళి చెంగల్వ పక్కన నిలబడ్డాడు. అది ఎప్పటిలాగే తొండం చాచి అతని తలపాగా సర్దింది.

ఇక దొర కోపం చల్లార్చే పని మొదలైంది. కోట ముంగిట్లోనే కూర్చోబెట్టి ఒంటికి చందనం పూశారు. పన్నీరు చిలకరించారు. ఇటొకడూ అటొకడూ నిలబడి విసనకర్రలతో విసిరారు. ఎదురుగా వీణ కచేరీ పెట్టించారు. కోపం మీద ఉన్నవాడు తింటే పైత్యం చేస్తుందని రాజుగారే వైద్యం చెప్పి, వంటశాలకు తాళం వేయించారు. దొర "హంగ్రీ" అన్నప్పుడల్లా ఇంకో చెంబు పన్నీరు కుమ్మరించారు. కాసేపటికి దొరకు నిజంగానే కోపం వచ్చింది.

ఆస్థాన విదూషకుడు గవరయ్య ఒక మూల నిలబడి ఇదంతా చూస్తున్నాడు. మీసం ఇంకా సరిగ్గా మొలవలేదు కానీ నోరు మాత్రం బాగా మొలిచిన కుర్రాడు. దొర చూపు వీణ మీద లేదు, చెంగల్వ ముందున్న అరటిగెల మీద ఉంది. అది గవరయ్య కంట పడింది.

"ప్రభూ, ఈ కోపానికి నా దగ్గరో మందుంది. వంటశాల తాళంచెవి ఇప్పించండి."

అప్పటికి రాజుగారు కూడా అలిసిపోయారు. తాళంచెవి విసిరేశారు.

గవరయ్య దొర ముందు అరిటాకు వేసి, గారెలు, పులిహోర, గడ్డపెరుగు వడ్డించాడు. దొర వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. ఆకు కూడా తినేస్తాడేమోనని వంటవాళ్ళు కంగారుపడ్డారు. చివరికి హాయిగా తేన్చి, పొట్ట నిమురుకుంటూ, "నాట్ హంగ్రీ!" అని నవ్వాడు.

"చూశారా, కోపం తగ్గిందట!" అన్నారు రాజుగారు.

"ప్రభూ," గవరయ్య చేతులు కట్టుకున్నాడు, "రేవులో కళాసీల నోట నేనూ ఒకటి రెండు ముక్కలు విన్నాను. కోపమైతే యాంగ్రీ. దొర అన్నది హంగ్రీ. అంటే ఆకలి. పాపం, మావటి చేసిందేమీ లేదు."

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. చుట్టూ ఇంతమంది వింటున్నారాయె!

"హంగ్రీ అట, యాంగ్రీ అట! మొదట్లో కాస్త పలుకు తేడా. అంతమాత్రాన అర్థమే మారిపోతుందా? మా మాటకు తిరుగులేదు. మల్లు వెళ్ళాల్సిందే."

"చిత్తం," అన్నాడు గవరయ్య బుద్ధిగా.

సాయంత్రం కొలువు తీరింది. దొర ఒక ఆసనంలో కూర్చున్నాడు. మల్లునాయుడు అంకుశం పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. రాజుగారు ద్వారం దగ్గరికి రాగానే గవరయ్య భట్రాజును పక్కకు జరిపి గొంతెత్తాడు.

"బహుపరాక్! సూరపరాజు ఎలుకవారికి జయము! మన ఎలుకవారు వేంచేస్తున్నారు!"

కొలువంతా కొయ్యబారిపోయింది. తెర వెనక రాణిగారి గాజులు మాత్రం గలగలలాడాయి.

"ఎవడ్రా ఎలుక?" రాజుగారు గర్జించారు.

"తమరే ప్రభూ. ఏలిక అనబోయాను. దీర్ఘం కాస్త తగ్గింది, కొమ్ము కాస్త పెరిగింది. పలుకు తేడాకు అర్థం మారదని తమరే సెలవిచ్చారుగా!"

"గవరయ్యా! నాకెంత కోపం వచ్చిందో తెలుసా?"

"అయ్యయ్యో!" గవరయ్య గబుక్కున వంటశాల వైపు తిరిగాడు. "ఒరేయ్, ప్రభువులకి కోపం వచ్చిందట! తొందరగా గారెలు పట్రండి!"

రాజుగారు కళ్ళెర్రజేశారు. మీసం దువ్వారు. కానీ ఆ మీసం కింద నవ్వు ఆగలేదు. ముందు కిసుక్కుమన్నారు, తర్వాత సింహాసనం చేతిని చరుస్తూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆయన నవ్వాక మిగతావాళ్ళకు అడ్డేముంది? కొలువంతా ఘొల్లుమంది.

"మల్లూ, తప్పు మాదిరా. అంకుశం నీ దగ్గరే ఉంచుకో," అన్నారు రాజుగారు. మల్లునాయుడు అంకుశాన్ని కళ్ళకద్దుకున్నాడు.

తర్వాత రాజుగారు తమ భుజం మీది పట్టుశాలువా తీసి గవరయ్యకు కప్పారు. "ఇవాళ్టి నుంచి మా ఇంగ్లీషు దిద్దే అధికారం కూడా నీదే."

ఇంత గోలా ఎందుకో అర్థంకాని దొర లేచి వచ్చి, "ఆర్ యూ యాంగ్రీ?" అని భయంగా అడిగాడు.

రాజుగారు గవరయ్య వైపు ఒకసారి చూసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, పొట్ట పట్టుకుని అన్నారు.

"నో, నో! హహ్... హంగ్రీ!"

ఆ హకారం ఏనుగుసాల దాకా వినిపించింది. ఈసారి గారెలు నిజంగానే వచ్చాయి.