వరాలు పైచెవి మానిన వైనం

మా కోరుపాలెంలో సలహా కావలసినవాళ్ళు బడి మాస్టారి దగ్గరకు వెళ్తారు. సలహా అక్కర్లేనివాళ్ళ దగ్గరకు గుమ్మళ్ళవారే స్వయంగా వస్తారు. తెలివిని ఇంట్లో దాచుకోవడం పాపమని వాళ్ళ నమ్మకం. ఇంటి యజమాని భద్రయ్య అయితే, "మా ఇంట్లో పిల్లి కూడా ఆలోచించి గానీ పాలు తాగదు," అంటాడు. ఆ పిల్లి ఆలోచిస్తుండగానే పాలు విరిగిపోయిన రోజులున్నాయి.

ఆ ఇంట్లో నలుగురు. భద్రయ్య, అతని భార్య మంగాయమ్మ, ఆవిడ తమ్ముడు పేర్రాజు, కూతురు వరాలు. భద్రయ్య తల్లి అచ్చియ్యమ్మ పెద్దాపురంలో పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. ఆవిడ ఎడమచెవి పైభాగాన ఒక బావిలీ ఉంది. ఎర్రరాయి, చుట్టూ ముత్యాలు. జతలో రెండోది ఏనాటి పుష్కరాల్లోనో గోదారి పాలైంది. పైచెవి కుట్టించుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరూ లేరు గానీ, వరాలుకి ఆ బావిలీ అంటే ప్రాణం. చిన్నప్పుడు మామ్మ ఒళ్ళో పడుకుని దాన్ని వేలితో తడుముకుంటూ నిద్రపోయేది.

ఆ వేసవిలో మామ్మ కబురు పెట్టింది. "దసరాకి వస్తున్నాను. వరాలు పైచెవి కుట్టించుకుని, అది పూర్తిగా మానితే బావిలీ దానికే. మానకపోతే పెద్దాడి కూతురు సుబ్బులుకి ఇచ్చేస్తాను. పచ్చిచెవికి నగ పెట్టి చీము పట్టించే పని నా వల్ల కాదు."

ఆ మాట విన్న దగ్గర్నుంచి వరాలుకి అన్నం సహించలేదు. బావిలీ దక్కదేమోనన్న దిగులు ఒకటి, సుబ్బులు చెవిన దాన్ని చూడాల్సి వస్తుందేమోనన్న మంట ఇంకొకటి.

నలుగురూ కలిసి కంసాలి వీరాచారిగారి దగ్గరకు వెళ్ళారు. ఆయన ఊరికి కొత్త.

"నొప్పి పుడుతుందాండీ?" అంది వరాలు.

"చీమ కుట్టినట్టుంటుందమ్మా, అంతే."

పేర్రాజు చెయ్యెత్తి ఆపాడు. "ఉండండి. ముందు చూసుకోకుండా ఎలా దిగుతాం?" అని బయటికి వెళ్ళి ఒక ఎర్రచీమను పట్టుకొచ్చి వరాలు చెవి మీద వదిలాడు. అది చెవిని ఏమీ చెయ్యలేదు. జడలోకి దూరి మెడ మీద కుట్టింది. వరాలు కెవ్వుమంది.

"ఇంతే నొప్పయితే ఓర్చుకోగలవా?"

"ఓర్చుకుంటాను మావయ్యా."

"అయితే కుట్టండి ఆచారిగారూ," అన్నాడు భద్రయ్య. మంగాయమ్మకి మాత్రం ఒక సందేహం మిగిలింది. "చీమ ఎలాగూ కుట్టేసింది కదా, మళ్ళీ ఈయనెందుకు?"

ఆచారిగారు ఎడమచెవి పైన కుట్టి, సన్నటి బంగారు తీగ చుట్టారు. "రోజుకు రెండుసార్లు గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో కడగండి. ఎడమవైపు పడుకోవద్దు. మానేదాకా వంకాయ పెట్టొద్దు," అన్నారు. తీగ తియ్యొద్దని చెప్పలేదు. ఆ మాట ఏ మనిషికైనా తెలుస్తుందనుకున్నారు. ముందే చెప్పాను కదా, ఆయన ఊరికి కొత్త.

ఇంటికి రాగానే మంగాయమ్మ ఉప్పుజాడీ తీసింది. భద్రయ్య ఆపాడు. "మైలు దూరంలో సముద్రం నిండా ఉప్పునీళ్ళుంటే, ఈ జాడీడు ఉప్పు పాడుచేస్తావా?"

అంతే. నలుగురూ సముద్రానికి నడిచారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మర్నాడు మంగాయమ్మ ఒక బిందె మరిగే నీళ్ళు మోసుకొచ్చింది. పేర్రాజు మోకాలి లోతుకి దిగి సముద్రంలో పోశాడు. భద్రయ్య వేలు ముంచి చూసి, "ఇంకో బిందె పడుతుంది," అన్నాడు.

వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన లేచి వచ్చాడు. "ఏటండీ ఈ పని?"

"సముద్రం కాస్తున్నాం."

నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం వేలు ముంచితే ఒడ్డున నీళ్ళు నిజంగానే వెచ్చగా తగిలాయి. భద్రయ్య గర్వంగా జాలరి వైపు తిరిగి, "ఇక మీరూ వేడినీళ్ళ స్నానం చెయ్యండి, మేమేమీ అనుకోం," అన్నాడు. వరాలు ఒంగి చెవి ముంచింది. ఇంకేముంది, పెద్ద అల వచ్చి పిల్లని బోర్లా పడేసి, చెవి నిండా ఇసుక కూరి వెళ్ళింది.

పడక సంగతి ఇంకా కష్టమైంది. వరాలు మంచానికి ఎడమవైపు గది, కుడివైపు గోడ. మంచాన్ని అటుదిటు తిప్పేస్తే ఎడమవైపు గోడకి పోతుందనీ, అప్పుడు అటు పడుకునే వీలే ఉండదనీ పేర్రాజు లెక్క. తిప్పారు. వరాలు పడుకుంది. చూస్తే ఎడమచెవి ఎడమవైపే ఉంది. ఈసారి పిల్లని ఉంచే మంచం తిప్పారు. అయినా అంతే.

"లాభం లేదు బావా, ఎడమవైపు పిల్లతో పాటే వస్తోంది," అన్నాడు పేర్రాజు. చివరికి తలుపుకి ఆనుకుని నిలబడి నిద్రపొమ్మన్నారు. తలుపు తీసినవాళ్ళందరి మీదా వరాలు పడేది. బావిలీ కోసం అదీ భరించింది, పాపం.

వంకాయ విషయంలో మాత్రం కష్టం లేదు. కుడిదవడతో నమిలితే ఎడమచెవికి తెలియదు కదా. రోజూ గుత్తివంకాయే.

వారం తిరిగేసరికి చెవి బూరెలా వాచింది. మంగాయమ్మ అసలు కారణం పట్టేసింది. "నిన్న కూరలమ్మి ఎడమవైపు నుంచి వచ్చి 'వంకాయలో' అని అరిచింది. అది కాస్తా చెవిన పడింది." ఆ రోజు నుంచి కూరలమ్మి వాళ్ళింటి ముందు మూగదానిలా వెళ్ళాల్సి వచ్చింది.

వరాలు ఏడుస్తూ కూర్చుంది. దసరాకైనా మానుతుందో లేదో. మళ్ళీ ఆచారిగారి దగ్గరకు పరుగెత్తారు. ఆయన అంతా విన్నారు. విన్నాక రెండు చేతులూ జోడించారు.

"మీరింకేమీ చెయ్యకండి బాబూ. చెవికి ఏదీ తగలనివ్వకండి. అంతే."

ఇంటికొచ్చి చూస్తే చెవికి జుట్టు తగులుతోంది. ఎడమవైపు జుట్టంతా కత్తిరించేశారు. పమిట తగులుతుందని కుడివైపుకి మార్చారు. ఇక తగలడానికేమీ లేదని అందరూ స్థిమితపడ్డారు. పేర్రాజు ఒక్కడే కన్నార్పకుండా చెవినే చూస్తున్నాడు.

"బావా, మరి ఈ తీగ?"

"తీగేమైంది?"

"తగులుతోంది కదా."

భద్రయ్య బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "శత్రువుని చెవిలోనే పెట్టుకుని సముద్రాలు కాచాం కదరా." అంతే, పట్టకారుతో తీగ లాగేశారు.

నాలుగు రోజుల్లో వాపు తీసింది. దసరా వచ్చేసరికి చెవి నున్నగా మెరిసిపోతోంది.

మామ్మ బస్సు దిగి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కళ్ళజోడు పెట్టుకుంది. వరాలు ఊపిరి బిగబట్టి చెవి చూపించింది. మామ్మ వేలితో తడిమింది. మళ్ళీ తడిమింది.

"చిల్లేదే?"

"మానిపోయింది మామ్మా. పూర్తిగా."

మామ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరి ఆ ఇంటి కోడలిగా వచ్చి అరవై ఏళ్ళయింది.

"అదృష్టవంతురాలివే తల్లీ. నాకు అరవై ఏళ్ళయినా మానలేదు," అని బావిలీ తీసి తన చెవి చూపించింది. చిల్లులోంచి అవతలి గోడ కనిపిస్తోంది. బావిలీని వరాలు చేతిలో పెట్టి గుప్పిట మూసింది. "నీదే. పెట్టెలో దాచుకో. ఇంత బాగా మానిన చెవికి పెట్టుకుని మళ్ళీ పాడుచేసుకోకు."

వరాలు మామ్మని కరుచుకుని ఏడ్చేసింది. ఇన్నాళ్ళ బాధా ఆ ఏడుపుతో పోయింది.

అంతలో మంగాయమ్మ తన చెవులు తడుముకుని కొయ్యబారిపోయింది. "ఏవండీ, నావీ మానలేదు." భద్రయ్య తడుముకున్నాడు. చిన్నప్పుడు కుట్టించినవే, చిల్లులు అలాగే ఉన్నాయి. ఇంకేముంది, ఇల్లంతా రోగమే. కమ్మలూ పోగులూ ఊడదీసి, ఆరు బిందెల వేడినీళ్ళతో సముద్రానికి బయల్దేరారు.

దారిలో వీరాచారిగారు కొట్టు ముందు కూర్చుని ఉన్నారు. ఆయన రెండు చెవులకీ పోగులు.

"ఆచారిగారూ, మీవీ మానలేదా?" అన్నాడు పేర్రాజు.

సంగతేమిటని ఆయన అడిగారు. భద్రయ్య మొదటి నుంచీ చెప్పాడు. సగం వినేసరికి ఆచారిగారు రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నారు.

"పాపం, బాగా ముదిరిపోయింది. నొప్పికి చేతులు తియ్యలేకపోతున్నాడు," అంది మామ్మ.

అంతే. బిందెలు ఆడవాళ్ళకి అప్పగించి, బావా బావమరిదీ ఆచారిగారిని చెరోవైపూ ఎత్తుకుని సముద్రం వైపు నడిచారు.