కోటలోకి వచ్చిన ఏటి కబురు

వరద కబురు కోటలోనే తెలియాలని మహామంత్రి శంభుదాసు, కొండల్లో ఏటిని కనిపెట్టుకుని ఉండే కావలివాళ్లందరినీ రప్పించి కోటలో కూర్చోబెట్టాడు. “ఏటి గుట్టంతా ఇక మన గుప్పిట్లోనే, ప్రభూ!” అన్నాడు. రాజు గజపాలుడు మురిసిపోయాడు.

ఏటిగట్టు పేటలో పడవ నడిపే గవరమ్మ సభకొచ్చి దండం పెట్టింది. “దొరా, కొండమీద ఇప్పుడు వాన పడుతోందా? ఈ అయ్యల్ని అడగండి.”

రాజు అడిగాడు. కావలివాళ్లు తలలు వంచుకున్నారు. “ఇక్కడ కూర్చుంటే మాకేం కనిపిస్తుంది, మహారాజా?”

“మంత్రిగారు మనుషుల్ని తెచ్చారు గానీ ఏటిని తేలేదు,” అంది గవరమ్మ. “వాళ్లను కొండల్లో ఏటి దగ్గరే ఉండనివ్వండి. గుట్టగుట్టకీ ఒక డప్పు పెట్టించి, వరదుంటే ఒక మోత, లేకుంటే ఇంకో మోత అని చెప్పి ఉంచండి. మీరు డప్పు కొట్టి అడిగినప్పుడల్లా జవాబొక్కటే కోటలోకి వస్తుంది.”

రాజు అలాగే చేయించాడు. వానాకాలంలో ఒక ఉదయం తానే బురుజెక్కి డప్పు కొట్టాడు. ఆ మోత గుట్ట నుంచి గుట్టకు పాకి ఎక్కడో అణగిపోయింది. కాసేపటికి దూరం నుంచి జవాబు మోగింది: వరద బయల్దేరింది! కోటమీద ఆకాశంలో మబ్బుతునక లేదు.

మధ్యాహ్నానికల్లా పేట జనమంతా కోటెక్కారు. సాయంత్రం ఖాళీ వీధుల్లో ఏరు గర్జిస్తూ పోతుంటే రాజు బురుజు మీంచి చూశాడు. పక్కనే ఉన్న మంత్రి గవరమ్మకు చేతులు జోడించాడు.