ఔపోశన పట్టిన వాస్తుకేసరి

పక్కరాజ్యంలో పెళ్ళికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి వేములదుర్గం రాజు మల్లభూపతికి ఒకటే గోల. ఆ రాజుగారి వంటింట్లో పొగే లేదట. పొయ్యిలు బారులు తీరి ఉన్నాయట. నేల చూస్తే అద్దమేనట. మనకీ అలాంటి వంటిల్లు కావాలని కొలువులో ప్రకటించేశాడు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు విశ్వంభరశాస్త్రి లేచాడు. ఆయన ఆస్థానంలో వాస్తు పండితుడు. వాస్తుకేసరి అని బిరుదు, ఆ బిరుదును మించిన గొప్పలు. దేవతలే దిగొచ్చి వండుకునేలాంటి వంటిల్లు నలభై రోజుల్లో కట్టించేస్తానన్నాడు. మర్నాడే పాత వంటిల్లు పడగొట్టించాడు. ఆ పని మాత్రం ఒక్క పూటలో అయిపోయింది.

నలభై రోజులు కాస్తా ఎనిమిది నెలలయ్యాయి. పొయ్యి కట్టారు. నూలుపోగంత పక్కకు తిరిగిందని శాస్త్రి పగలగొట్టించాడు. మళ్ళీ కట్టారు. ఎత్తు కుదరలేదని మళ్ళీ పగలగొట్టించాడు. ఈలోగా మంత్రిగారికి తోటలో మంటపం కావాలంటే పనివాళ్ళందర్నీ అటు తోలుకుపోయాడు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు, ఇంకో రెండు రోజులని.

ఈ గొడవంతా ఎవరి నెత్తిన పడిందయ్యా అంటే పేరిందేవమ్మ నెత్తిన. ముప్ఫై ఏళ్ళుగా రాజుగారి వంటశాల ఆవిడ చేతిలోనే ఉంది. ఇప్పుడా మహాతల్లి ఏనుగుశాలలో మూడు రాళ్ళు పెట్టుకుని వండుతోంది. ఇటు తిరిగి పోపు పెడితే చాలు, అటునుంచి పట్టపుటేనుగు గౌరి తొండం చాచి పళ్ళెంలో గారెలన్నీ ఊడ్చేసేది. తిట్టబోతే చెవులాడించేది. దాన్ని చూస్తే ఆవిడకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఒకరోజు రాజుగారి పులిహోరలో గడ్డిపరక వచ్చింది. రాజుకు ఒళ్ళు మండిపోయింది. శాస్త్రి పక్కనే ఉన్నాడు. చోటుదేముంది ప్రభూ, చెయ్యి పాడైంది, ఆవిడ ముసలిదైపోయిందిగా అని ఓ మాట వేశాడు. తన బావమరిది వంట అమృతమని ఇంకో మాట కూడా వేశాడు. రాజు వెనకాముందూ చూడకుండా పేరిందేవమ్మను పిలిపించి, పౌర్ణమిలోగా వంట బాగుపడకపోతే నీ ఊరు వెళ్ళిపొమ్మన్నాడు.

ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ రాజుకు చందమామను చూపించి గోరుముద్దలు పెట్టిన చెయ్యి అది. పాడైందంటాడా! ఏనుగుశాలకు వచ్చి కసికొద్దీ పొయ్యి ఊదింది. అలా ఊదుతూ ఊదుతూ ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. గౌరి గారె మింగడం ఆపి మరీ చూసింది.

వెంటనే వెళ్ళి రాజును ఒక్క కోరిక కోరింది. వెళ్ళేలోపు శాస్త్రిగారికి ఒక్క పూట స్వయంగా వడ్డించాలని ఉంది, అయితే వడ్డన తన ఇష్టం, ఎవరూ అడ్డు రాకూడదు అని. పోనీలే, పెద్దావిడ తప్పు తెలుసుకుందనుకుని రాజు సరేనన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం విందు. వేములదుర్గంలో రెండు కట్టుబాట్లున్నాయి. ఔపోశన పట్టి భోజనం మొదలుపెట్టినవాడు అది ముగియకుండా విస్తరి ముందునుంచి లేవకూడదు. బంతిలో ఆఖరివాడు ముగించేదాకా ఇంకెవరూ లేవకూడదు, రాజైనా సరే.

శాస్త్రి విస్తట్లో ఇంత అన్నం, నెయ్యి, ఓ మూల ఆవకాయ, ఓ మూల ఉప్పు పడ్డాయి. ఆయన కళ్ళు మూసుకుని ఠీవిగా ఔపోశన పట్టాడు. కళ్ళు తెరిచేసరికి పేరిందేవమ్మ ఆవకాయ తీసేస్తోంది.

ఆవకాయ మంట కదా, ఆగ్నేయం మూలకు రావాలట. అక్కడ పెట్టింది. దూరం నుంచి ఒంటికన్నుతో చూసి, నూలుపోగంత తేడా ఉందని మళ్ళీ తీసేసింది. ఉప్పును మూడుసార్లు మూలలు మార్చింది. అన్నం ముట్టబోతే, వడ్డన పూర్తికాకుండా ముద్ద ఎత్తితే దోషమంది. పప్పేదీ అంటే పప్పు గరిటె మంత్రిగారి విస్తరి దగ్గరికి వెళ్ళిందంది. పులుసేదీ అంటే ఇప్పుడు దుర్ముహూర్తమంది. ఎంతసేపమ్మా అంటే ఇంకో రెండు క్షణాలంది. శాస్త్రి ముక్కు ముందునుంచే పాయసం ఘుమఘుమలాడుతూ రాజుగారి వైపు వెళ్ళిపోయింది.

రెండు ఘడియలు గడిచాయి. అందరి భోజనాలూ అయిపోయాయి. శాస్త్రి లేవలేడు, ఆయన లేవనిదే రాజూ లేవలేడు. రాజుగారి చెయ్యి ఎండి అట్టకట్టింది. మంత్రి కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు.

ఆకలితో నకనకలాడుతున్న శాస్త్రి ఇక ఆగలేకపోయాడు.

"ప్రభూ, ఇదేం వడ్డన? పని మొదలుపెట్టినవాళ్ళు అది ముగిసేదాకా అక్కణ్ణించి కదలకూడదు, ఇంకో పని ముట్టకూడదు. అలాగని శాసించండి!"

"వంటవాళ్ళకేనా, అందరికీనా?" అన్నాడు రాజు, అట్టకట్టిన చెయ్యి గోక్కుంటూ.

"అందరికీ, ప్రభూ! ఎంతటివాడైనా సరే!"

పేరిందేవమ్మ గరిటె కింద పెట్టి చేతులు జోడించింది.

"శాస్త్రిగారూ, మీరు రెండు ఘడియల కిందట ఔపోశన పట్టారు. మేం ఎనిమిది నెలల కిందట పట్టాం బాబూ. మాకింకా పప్పు రాలేదు."

ముందుగా రాజుకు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, ఆపైన కళ్ళనీళ్ళు కారేలా పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు మంత్రి ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వేశాడు.

శాస్త్రి తీర్పే శాసనమైంది. వంటిల్లు పూర్తయ్యేదాకా ఆయన అక్కణ్ణించి కదలకూడదు. భోజనానికి మాత్రం ఏనుగుశాలకు వెళ్ళొచ్చు, గౌరి మిగిల్చింది తినొచ్చు. ఇక పేరిందేవమ్మకు జత బంగారు గాజులు, బతికున్నంతకాలం వంటశాల పెత్తనం. కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఆ చెయ్యేనని రాజు అందరిముందూ చెప్పాడు.

పేరిందేవమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గాజులు గలగలలాడిస్తూ గిన్నె తెచ్చి, శాస్త్రిగారి విస్తట్లో పప్పు వడ్డించింది. ముహూర్తం చూడలేదు.