బయటి గడియ

“ప్రజలే ప్రభువులు! వరదొస్తే కోట తలుపులు వాళ్లకోసం తెరుస్తాం” అని నిరుడు మంత్రి దండోరా వేయించాడు. వరదొచ్చింది. వడ్రంగి కనకాచారి బిడ్డల్ని భుజాలకెత్తుకుని, మెడలోతు నీళ్లలో ఆ తలుపులే బాదాడు. వరద తీశాక తలుపులు తెరుచుకున్నాయి.

ఈ ఏడూ అదే దండోరా. తలుపుల మరమ్మతు ఆచారికే అప్పగించారు. పని చూడవచ్చిన మంత్రి అదిరిపడ్డాడు.

“గడియ బయట బిగించావేంట్రా?”

“నిరుడు లోపల మీకు తీరిక దొరకలేదు కదా దొరా! ఈసారి మేమే గడియ తీసి లోపలికొస్తాం.”

“మరి శత్రువులొస్తే?”

“అప్పుడూ బయట ఉండేది మేమేగా! మమ్మల్ని దాటాకే వాళ్లు గడియ ముట్టేది.”

మంత్రి గడియ లోపలికి మార్చమన్నట్టు వేలు చూపాడు.

“లోపలికి మార్చమంటే మారుస్తాను. ముందు కోట మీకొక్కరికేనని దండోరా వేయించండి. ప్రభువులం కదా, ఎదురుచూస్తాం. వరదల కాలం మొదలయ్యే జ్యేష్ఠ అమావాస్య దాకా.”