తీగ పీకిన స్వామి

కుమారప్పకు ఒళ్లు మండిపోతోంది. మఠంలోని తాళపత్రాల ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది తనే. ఫొటోలు మోసుకొచ్చే డిస్కును చెరిపి ఖాళీ చేసే చిన్న ప్రోగ్రాం రాసింది తనే. అయినా ఇకమీదట గురువు నిరంజనస్వామి చూడనిదే దాన్ని నడపడానికి వీల్లేదట.

"నడిపిన ప్రతిసారీ చక్కగా పనిచేసింది స్వామీ. ఇంకా అనుమానమేనా?"

"ఏం చేస్తుందో చెప్పు నాయనా."

"తగిలించి ఉన్న డిస్కు పేరు కనుక్కుంటుంది. ఆ పేరును వేరియబుల్ అనే పెట్టెలో పెడుతుంది. పెట్టెలో ఏ పేరుంటే ఆ పేరు కిందున్నదంతా చెరిపేస్తుంది. పసిపిల్లలకైనా అర్థమవుతుంది."

స్వామి లేచి బల్ల వెనక్కు వెళ్లాడు. డిస్కు తీగ పీకి ముంజేతికి చుట్టుకున్నాడు.

"ఇప్పుడు నడుపు."

కుమారప్ప నవ్వాడు. "డిస్కే లేకపోతే చెరపడానికి ఏముంది?"

"ఏమీ లేనప్పుడు భయమేముంది? నొక్కు."

కుమారప్ప వేలు ఎంటర్ మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

తెరమీద, చెరపమని తను రాసిన వరుస కనబడుతోంది. ముందు పెట్టెలోని పేరు, వెనక ఒక ఏటవాలు గీత. డిస్కు లేదు కాబట్టి పెట్టె ఖాళీ. పేరు పోతే మిగిలేది గీత ఒక్కటే. ఒంటరి గీత అంటే కంప్యూటరు మొత్తం. పైగా తను కూర్చున్నది దేన్నయినా చెరపగల ఖాతాలో.

ఫొటోలు తీశాక తాళపత్రాలను చెదలు తినేశాయి. ఫొటోలకు మరో ప్రతి లేదు.

వేలి కింద మీట కదిలినట్టే అనిపించింది.

"ఏం నాయనా, చెయ్యి తిమ్మిరెక్కిందా?"

కుమారప్ప చేతిని మెల్లగా వెనక్కు తీసుకున్నాడు. చెరిపే వరుసకు ముందు ఇంకో వరుస చేర్చాడు. పెట్టె ఖాళీగా ఉంటే అక్కడే ఆగాలి. మళ్లీ మళ్లీ చదివాడు. అప్పుడు గానీ గురువు వైపు చూడలేదు.

"తీగ పెట్టమంటావా?" అన్నాడు స్వామి.

"వద్దు స్వామీ. ఇలాగే నడుపుతాను."

ఊపిరి బిగబట్టి నొక్కాడు.

తెరమీద ఒక్క ముక్క వచ్చింది: 'ఏ డిస్కో తెలియదు. ఏదీ చెరపలేదు.'

స్వామి చేతికున్న తీగ విప్పి శిష్యుడి ఒళ్లో పడేశాడు.

"తెలియదని చెప్పింది చూడు. నీకంటే ముందే నేర్చుకుంది."