నక్క కూతలు, గేదె బిళ్ళలు

ఎర్రవాగు అడవికి సింహమే రాజు. ఆ సంగతి సింహానికే అప్పుడప్పుడూ గుర్తుచేయాల్సి వచ్చేది. తిని పడుకోవడం తప్ప దానికి వేరే రాచకార్యం లేదు మరి. అడవిని నడిపేదల్లా గేదె నీలవేణమ్మ. ఏం అడిగినా ముందు కాసేపు నెమరువేసి, తర్వాతే జవాబు చెప్పేది. ఈలోగా అవతలివాళ్ళకు విసుగొచ్చి సగం తగాదాలు వాటంతటవే తీరిపోయేవి.

ప్రతి గురువారం వాగు ఒడ్డున సంత. సంతలో చెల్లే డబ్బు గిట్టబిళ్ళ. పుట్టమన్ను బిళ్ళలు చేసి, నీలవేణమ్మ వాటి మీద తన గిట్టతో ముద్ర వేసి, ఎండబెట్టేది. పది బిళ్ళల బేరం జరిగితే ఒక బిళ్ళ సర్కారుకు ఆశీలు కట్టాలి. ఆ ఆశీలుతోనే ఏటా ఎండలు ముదరకముందు అడవిపందులకు కూలి ఇచ్చి, వాగు ఇసుకలో చెలమలు తవ్వించేది. ఆ ఊటనీళ్ళే వానలదాకా అడవికి ప్రాణం.

ఇక నక్క పాపారావు సంగతి. వాడి దగ్గర మూడొందల గోరింకలు ఉండేవి. ఏ మూలనుంచి ఏ మూలకైనా కబురు మోసేవి, అదీ పైసా తీసుకోకుండా. మామిడి ఎక్కడ రాలిందో, ఎవరి ఆడపడుచు ఎప్పుడు ఈనిందో, పులి ఏ దారిన బయల్దేరిందో అన్నీ గోరింకలే చెప్పేవి. ఊరికే వస్తోంది కదా అని, "నీకేంటయ్యా లాభం?" అని వాణ్ణి ఒక్కరూ అడగలేదు. నడిచి వెళ్ళి పలకరించుకునే అలవాటు అడవిలో పోయేదాకా వాడూ చెప్పలేదు.

ఒక గురువారం సంతలో బండరాయెక్కి నిలబడ్డాడు.

"ఏం ఖర్మ మనకిది? మట్టికి ముద్రేసి డబ్బంటారు, మనం మోస్తాం. వాన తగిలితే కరిగి చస్తుంది. ఇకనుంచి నా డబ్బు వాడండి. దాని పేరు కూత."

"ఏదీ, చూపించు," అంది ఎలుగుబంటి.

"చూపించడానికి ఏమీ ఉండదు. అదే దాని గొప్ప! నీ బిళ్ళలు నా గుహలో ఇచ్చెయ్. బిళ్ళకో కూత నీ పేరున రాసినట్టే. గడ్డలు కొన్నావనుకో, 'కుందేలుకు మూడు కూతలు' అని దగ్గర్లో ఉన్న గోరింకతో అను. అది ఎగిరొచ్చి మా పెద్ద గోరింక చిట్టెమ్మతో కూస్తుంది. చిట్టెమ్మ మర్చిపోవడమనేది లేదు."

"మరి ఆశీలు?" అంది కుందేలు.

"చేతిలో బిళ్ళే లేకపోతే ఏం చూసి అడుగుతారే పిచ్చిదానా?"

ఆ మాట అందరికీ భలే నచ్చింది. పొద్దు గుంకేలోగా పాపారావు గుహ ముందు బారులు తీరారు. చూలాలైన లేడి చుక్కమ్మ కూడా, కాన్పయ్యాక సంతకు తిరగలేను కదా అని, దాచుకున్న నలభై బిళ్ళలూ ఇచ్చి నలభై కూతలు తీసుకుంది.

రెండు నెలలు గడిచాయి. వాగు మడుగులకు దిగింది. పందుల మేస్త్రి గవరయ్య నీలవేణమ్మ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, చెలమలు ఎప్పుడు తవ్వమంటారు?"

నీలవేణమ్మ ఆశీలు కుండ బోర్లించింది. మూడంటే మూడు బిళ్ళలు పడ్డాయి.

"కూతలు తీసుకుంటావా గవరయ్యా?"

"మేం తిండి కొనుక్కునేది కొండ అవతల అమ్మా. అక్కడ మీ గిట్టంటే మర్యాద ఉంది. నక్క నోటిని ఎవరు నమ్ముతారు? ఇంకో వెయ్యి బిళ్ళలు కొట్టి పారేయండి, మట్టికేం కరువు?"

"మా తాత అదే చేశాడు. ఆ ఏడు ఒక్క వెలక్కాయ కొనడానికి బిళ్ళలు తట్టలో మోసుకెళ్ళారట. ఆ పని నా వల్ల కాదు."

కూతలు చెల్లవని దండోరా వేయించాలనుకుంది. కానీ వేసేదెవరు? గోరింకలు ఆ కబురు మోయం పొమ్మన్నాయి. చివరికి వడ్రంగిపిట్టను పిలిచి చెట్టుచెట్టునా టకటకలాడించింది. వడ్రంగిపిట్ట మెడ పట్టేసింది. విన్నవాళ్ళు పురుగుల కోసం పొడుస్తోందనుకుని పక్కకు తిరిగి పడుకున్నారు.

ఈలోగా చుక్కమ్మ ఈనింది. పిల్ల కాళ్ళ మీద నిలబడీ నిలబడకముందే మడుగులు బురదయ్యాయి. ఆమె పాపారావు గుహకు వెళ్ళింది.

"అన్నా, నా కూతలు తీసుకుని నా బిళ్ళలు నాకివ్వు. పందులకిచ్చి ఒక్క చెలమైనా తవ్వించుకుంటాను. నీళ్ళు లేకపోతే నాకు పాలు పడవు, నా బిడ్డ దక్కదు."

"వెనక్కి ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు చెల్లెమ్మా."

"ఇది దోపిడీ!" అని చుక్కమ్మ ఆ గురువారం నిండు సంతలో అరిచేసింది.

మర్నాటినుంచి ఒక్క గోరింక ఆమె దగ్గర వాలలేదు. "నీ పేరు కూయొద్దన్నారు," అని ఒకటి చెప్పి ఎగిరిపోయింది. నలభై కూతలూ ఉన్నట్టే ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు. చుక్కమ్మ ఏడుస్తూ నీలవేణమ్మ ముందు కూలబడింది.

నీలవేణమ్మ ఆ రోజు నెమరు మొదలుపెట్టి పొద్దు వాలేదాకా ఆపలేదు. అప్పుడు అడిగింది.

"గోరింకలకు వాడు జీతం ఏమిస్తాడే?"

"పళ్ళు."

"ఆ పళ్ళు ఎక్కడ కొంటాడు?"

"కొండ అవతల. గిట్టబిళ్ళలతో."

"అదీ సంగతి. మన మట్టి అంటే వాడికి ఎంత ప్రేమో చూశావా! పద, నీకు నడిచే పని చెబుతాను."

పై గురువారం నీలవేణమ్మే బండెక్కింది. అంత బరువు ఎక్కడం చూడ్డానికే సంత మొత్తం ఆగిపోయింది.

"సర్కారు అలిసిపోయిందర్రా. పాపారావు అన్నట్టు మాది మట్టే. వచ్చే గురువారం ఇక్కడే అందరినీ అడుగుతాను, గిట్టబిళ్ళ రద్దుచేసి కూత ఒక్కటే ఉంచుదామా అని. కావాలన్నవాళ్ళు కాలెత్తాలి, ఎక్కువ కాళ్ళు ఎటుంటే అటు. అంతదాకా బిళ్ళ బిళ్ళే. ఏమయ్యా పాపారావూ, రద్దు నీకు సమ్మతమేనా?"

పాపారావు నవ్వు మూతి మీదే ఎండిపోయింది. వాడి గుహలో నాలుగు వేల గిట్టబిళ్ళలున్నాయి.

"ఏం మామా, నీ కూత మీద నీకే నమ్మకం లేదా?" అంది కుందేలు.

"అబ్బే, ఎందుకు లేదు? సమ్మతమే!"

"అయితే ఈ కబురు నీ గోరింకలతోనే పంపించు. మా పిట్టకు మెడ బాగోలేదు," అంది నీలవేణమ్మ.

గోరింకలు గంటలో అడవంతా చాటేశాయి, కొండ అవతల కూడా. పాపారావు బిళ్ళల మూటతో పరుగెత్తుకెళ్తే అక్కడ తలుపులు మూసేశారు. "రద్దయ్యే బిళ్ళ మాకెందుకయ్యా?"

ఆ వారమంతా చుక్కమ్మ పిల్లను వెంటేసుకుని గుహగుహకూ, పొదపొదకూ నడిచింది. గోరింకలు ఆమెతో మాట్లాడవు కాబట్టి ఆమె మాటలు వాటి చెవిన పడలేదు. గోరింకల చెవిన పడనిది పాపారావుకు తెలియదు.

"వాడు బిళ్ళలిచ్చి ఏం కొన్నా అమ్మేయండి. రద్దు చేసేది మన కాళ్ళే కదా. మనం కాలెత్తకపోతే రద్దెక్కడిది?"

అమ్మారు. అమ్మడమంటే అలాంటిలాంటి అమ్మడం కాదు. పనసపండు ముప్ఫై బిళ్ళలు. తేనెపట్టు ఏభై. కుందేలు తన బొరియలో పరుచుకున్న ఎండుగడ్డి ఎత్తి అరవైకి అంటగట్టింది. నక్క గడ్డి కొనడం ఎర్రవాగు అడవిలో అదే మొదలు. బుధవారం నాటికి పాపారావు గుహలో సరుకు కిక్కిరిసింది, బిళ్ళ మాత్రం ఒక్కటీ మిగల్లేదు. హమ్మయ్య, బతికిపోయాను అనుకుని వాడు హాయిగా నిద్రపోయాడు.

గురువారం వచ్చింది.

"రద్దు కావాలన్నవాళ్ళు ముందు కాలెత్తండి," అంది నీలవేణమ్మ.

ఒక్కటే కాలు లేచింది. అది పాపారావుది. సమ్మతమని నలుగురిలో అన్నాడు కదా, దించలేక, ఎత్తి ఉంచలేక అలాగే నిలబడ్డాడు.

"రద్దు కాలేదు. వారం రోజుల బేరాలకు ఆశీలు కట్టి కదలండి."

నాలుగు వేల బేరం మరి, కుండలో నాలుగొందలు పడ్డాయి. గవరయ్య కూలి లెక్క చూసుకుని, తన మందతో అటునుంచి అటే వాగులోకి దిగాడు.

"మోసం! పచ్చి మోసం!" అని ఎగిరాడు పాపారావు.

"ఏది మోసం? అడిగాను, నువ్వు సరేనన్నావు. వాళ్ళు వద్దన్నారు. కబుర్లు మోసుకో నాయనా, అది మంచి పనే. డబ్బు జోలికి మాత్రం రాకు. వాగు ఎండితే నిన్ను ఎవరూ అడగరు, నన్ను అడుగుతారు."

అప్పుడు చుక్కమ్మ ముందుకొచ్చింది. "అన్నా, నా నలభై కూతలకు సరిపడా ఆ ఎండుగడ్డి ఇవ్వు. నీకెలాగూ అరగదు."

ఇవ్వనంటే కూత ఉత్తదేనని ఒప్పుకున్నట్టు. ఇచ్చాడు. ఆమె వెనక ఎలుగుబంటి, దాని వెనక కుందేలు, దాని వెనక సంత మొత్తం. ముప్ఫైకి అమ్మిన తన పనసపండును తనే పాత ధరకు, ఒకటిన్నర కూతకు విడిపించుకుని ఎలుగుబంటి తెగ మురిసిపోయింది. సాయంత్రానికి గుహలో పనస తొనల జిగురు తప్ప ఏమీ లేదు.

అప్పుడొచ్చి వాలింది చిట్టెమ్మ, వెనక మూడొందల గోరింకలతో.

"మామా, ఈ నెల పళ్ళు?"

పాపారావు గొంతు సవరించుకున్నాడు. "ఈ ఒక్క నెలకూ కూతలిస్తానే చిట్టెమ్మా."

చిట్టెమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. "కూసేది మేమే కదా మామా! మా నోట్లోది మాకే జీతమిస్తావా?"

మూడొందల గోరింకలూ ఒక్కసారే లేచిపోయాయి. పోతూపోతూ వాగు మీద ఒక చుట్టు తిరిగాయి. కింద కొత్త చెలమలో ఊట పడుతోంది. చుక్కమ్మ కడుపారా తాగుతుంటే, పిల్ల ఆమె పొదుగును కుమ్ముతోంది.

ఎవడి డబ్బు మంచిదో తెలుసుకోవాలంటే, వాడు పంచేది కాదు, దాచుకునేది చూడాలి.